చీరల షాపులో రోజువారీ పనులు: షాపిఫై ఫ్లోకి ఏది అప్పజెప్పాలి, ఏది మన చేతిలో ఉంచుకోవాలి

మీరు చెప్పింది ఇదీ: షాపిఫైలో (ఆన్‌లైన్ షాపులు నడుపుకునే వేదిక) చేనేత చీరల షాపు, చూసుకునేది మీరూ మీ వదినగారూ ఇద్దరే. ఆర్డర్లలో సగానికి పైగా క్యాష్ ఆన్ డెలివరీ (సీఓడీ). పొద్దున లేవగానే రాత్రి వచ్చిన ఆర్డర్లు ఒక్కొక్కటీ తెరిచి ట్యాగులు పెట్టడం, సీఓడీ వాళ్లకి ఫోన్లు చేయడం, అమ్ముడైపోయిన చీరల్ని సైటు నుంచి తీయడం, ఫాల్, పీకో, బ్లౌజు కుట్టు ఉన్నవి విడిగా రాసుకుని టైలర్‌కి పంపడం, ఇంతలోనే మధ్యాహ్నం అయిపోతోంది. "షాపిఫైలోనే ఫ్లో అని ఒకటుందట. డెవలపర్‌ని పెట్టుకోకుండా అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? వాట్సాప్ మెసేజ్‌లు కూడా అదే పంపుతుందా?" అని అడిగారు.

డెవలపర్ అక్కర్లేదండీ. ఫ్లో అంటే మీరు పెట్టిన నియమాల ప్రకారం షాపు పనుల్ని తనంతట తాను చేసిపెట్టే షాపిఫై సొంత యాప్. మీరు చెప్పిన పనుల్లో చాలావరకు ఫ్లోతో అయిపోతాయి, ఒకటి రెండింటికి ఫ్లో కూడా అక్కర్లేదు. వాట్సాప్ సంగతి వేరు, చివర్లో చెబుతాను.

ఫ్లో 2017లో వచ్చినప్పుడు షాపిఫై ప్లస్ అనే పెద్ద ప్లాన్ వాళ్లకే ఉండేది. అందుకే పాత వీడియోల్లో "ఇది పెద్ద షాపులకే" అని వినిపిస్తుంది. ఇప్పుడు బేసిక్ ప్లాన్‌లోనూ ఉచితంగా వేసుకోవచ్చు. బయటి సర్వర్‌కి సమాచారం పంపే హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ లాంటివి మాత్రం పై ప్లాన్లకే. మీకిప్పుడు దాంతో పని లేదు.

పద్ధతి తేలికే. ఏదో ఒకటి జరుగుతుంది (ఆర్డరు వచ్చింది, స్టాకు మారింది, లేదా తొమ్మిది గంటలైంది): అది ట్రిగ్గర్. ఫలానా విధంగా ఉంటేనే ముందుకెళ్లు అన్నది కండిషన్. చేయాల్సిన పని యాక్షన్. ఈ మూడింటినీ మౌస్‌తో లాగి గీతలతో కలపడమే. అలా కలిపిన ఒక్కో ఏర్పాటే వర్క్‌ఫ్లో. అయితే మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక పని చేయండి. మీరు రోజూ చేసే ప్రతి పనికీ "ఎప్పుడు, ఏముంటే, ఏం చేస్తాను" అని ఒక్క వాక్యం రాసి చూడండి. రాయగలిగినవన్నీ ఫ్లోకి ఇచ్చేయొచ్చు. "అది పేరు చూస్తే తెలిసిపోతుందండీ", "అడ్రసు చూస్తే అనుమానం వస్తుంది" అని రాయాల్సి వచ్చిందంటే ఆ పని మీదే. అలాంటి చోట ఫ్లోతో ఆ ఆర్డరుకి గుర్తు పెట్టించుకోండి, తేల్చడం మాత్రం మీరు చేయండి.

ముందుగా సీఓడీ. మీ టైమూ డబ్బూ ఎక్కువగా పోతున్నది ఇక్కడే. పార్శిల్ వెనక్కి వస్తే రానూపోనూ కొరియర్ చార్జీ మీ నెత్తిన పడుతుంది, పైగా ఆ చీర పది పదిహేను రోజులు అమ్మకానికి లేకుండా రోడ్ల మీద తిరుగుతుంది. అందరికీ ఫోన్ చేయడం మానేసి, చేయాల్సిన వాళ్లకే చేయండి. వర్క్‌ఫ్లో ఇలా ఉంటుంది: ట్రిగ్గర్ "ఆర్డర్ క్రియేటెడ్". మొదటి కండిషన్, చెల్లింపు పద్ధతుల్లో కనీసం ఒకదాని పేరులో క్యాష్ ఆన్ డెలివరీ అని ఉండాలి. రెండోది, కస్టమర్ ఆర్డర్ల సంఖ్య 1 లేదా అంతకంటే తక్కువ, లేదా మొత్తం మూడు వేలు దాటాలి (ఆ అంకె మీ ఇష్టం). రెండూ కుదిరితే "ఫోన్ చేయాలి" అని ఆర్డరుకి ట్యాగు పెట్టి, ఫుల్‌ఫిల్‌మెంట్‌ని (పార్శిల్ పంపే పనిని) హోల్డ్‌లో పెట్టు. కుదరకపోతే వదిలెయ్. ఇంతకు ముందు రెండు మూడు సార్లు కొని డబ్బు కట్టి తీసుకున్న ఆవిడకి మళ్లీ ఫోన్ చేసి "నిజంగానే కావాలాండీ" అని అడగడం ఆవిడకీ ఇబ్బందే కదా.

ఇక్కడ జాగ్రత్తగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పేరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలామంది ఆగిపోయేది అక్కడే. షాపిఫై సొంత సీఓడీ వాడితే ఒక పేరు పడుతుంది, సీఓడీ ఫారం యాప్ ఏదైనా వాడుతుంటే ఇంకో పేరు పడొచ్చు. పాత ఆర్డరు ఒకటి తెరిచి చెల్లింపు దగ్గర అక్షరం అక్షరం ఎలా ఉందో చూసి అదే పెట్టండి. "సమానం" కాకుండా "కలిగి ఉంది" అనే రకం ఎంచుకుంటే ఇంకా నయం. ట్రిగ్గర్‌గా "ఆర్డర్ పెయిడ్" అస్సలు పెట్టకండి. సీఓడీ ఆర్డరు పెండింగ్‌లోనే ఉంటుంది. డబ్బు చేతికొచ్చి మీరు పెయిడ్ అని నొక్కాకే ఆ ట్రిగ్గర్ కదులుతుంది, అప్పటికి చీర కట్టుకుని పెళ్లికి కూడా వెళ్లొచ్చి ఉంటారు.

ఇంకొకటి డాలర్ల గొడవ. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవాళ్లు కొంటుంటారని రాశారు. మీ షాపులో వాళ్లకి ధర డాలర్లలో కనిపిస్తుంటే, ఆర్డరు మొత్తానికి ఫ్లోలో రెండు అంకెలుంటాయి: షాపు కరెన్సీలో ఒకటి, కస్టమర్ చూసిన కరెన్సీలో ఒకటి. కండిషన్‌లో "షాప్ మనీ" ఉన్నదే ఎంచుకోండి. రెండోది ఎంచుకుంటే 120 డాలర్ల ఆర్డరు "మూడు వేల కంటే తక్కువ" కింద లెక్కపడుతుంది. విదేశాలకి సీఓడీ ఎలాగూ ఉండదు కాబట్టి ఈ వర్క్‌ఫ్లోలో నష్టం లేదు. కానీ "పెద్ద ఆర్డరు వస్తే నాకు మెయిల్ పెట్టు" లాంటిది రేపు రాసుకుంటే అక్కడ తేడా కొడుతుంది.

హోల్డ్ గురించి ఒక అనుమానం తీర్చుకోండి. మీ కొరియర్ యాప్ ఆర్డర్లని తనంతట తాను లాక్కుంటుందా? అలా అయితే హోల్డ్‌లో ఉన్నవాటిని వదిలేస్తుందో లేదో ఒక టెస్ట్ ఆర్డరు వేసి చూడండి. అన్ని యాప్‌లూ ఒకేలా ఉండవు. హోల్డ్‌లో ఉన్నదానికి కూడా లేబుల్ వచ్చేస్తుంటే, ఆ యాప్ సెట్టింగుల్లో ట్యాగుని బట్టి వడపోసే అవకాశం ఉందేమో వెతకండి. లేదంటే లేబుళ్లని ఆటోమేటిక్‌గా కాకుండా చేత్తో వేయడానికి మార్చుకోండి.

ఫోన్‌లో కన్ఫర్మ్ అయ్యాక ఒక్కో ఆర్డరు తెరిచి హోల్డ్ తీసి, ట్యాగు తీసి, కొత్త ట్యాగు పెట్టడం మళ్లీ పనే. దీనికి ఇంకో చిన్న వర్క్‌ఫ్లో పెట్టుకోండి, తనంతట తాను నడవకుండా మీరు నడిపిస్తేనే నడిచేది. ఆర్డర్ల పేజీలో పది ఆర్డర్లకి టిక్ పెట్టి దాన్ని నడిపిస్తే, పదింటికీ హోల్డ్ తీసి, "ఫోన్ చేయాలి" తీసేసి, "ఖాయం" అని పెడుతుంది. మీ వదినగారు ఫోన్లు చేస్తూ కాగితం మీద టిక్కులు పెట్టుకుని, చివర్లో ఒకేసారి నడిపించుకోవచ్చు.

ఫోన్ ఎత్తని వాళ్ల మాట. మొదటి వర్క్‌ఫ్లోలోనే హోల్డ్ తర్వాత "వెయిట్" రెండు రోజులు పెట్టి, ఆ తర్వాత "ఫోన్ చేయాలి" ట్యాగు ఇంకా ఉంటే మీకు మెయిల్ వచ్చేలా చేయండి. వెయిట్ తర్వాత పెట్టిన కండిషన్ అప్పటి స్థితినే చూస్తుంది, కాబట్టి ఈలోపు ఖాయమైన ఆర్డరుకి మెయిల్ రాదు. చాలామంది ఇక్కడ ఏకంగా క్యాన్సిల్ పెట్టేస్తారు. నేనైతే ఒప్పుకోను. పెళ్లింట్లో ఫోన్ ఎక్కడ పెట్టారో తెలియని ఆవిడ ఆర్డరు క్యాన్సిల్ చేస్తే ఆ కస్టమర్ మళ్లీ రాదు. క్యాన్సిల్, రిఫండ్, డిస్కౌంటు, ఈ మూడూ మీ చేత్తోనే జరగాలి.

వెనక్కి పంపిన వాళ్లకి ఇంకో ఏర్పాటు. పార్శిల్ ఆర్‌టీఓ (కస్టమర్ తీసుకోక వెనక్కి రావడం) అయి తిరిగొచ్చిన రోజున ఆ కస్టమర్‌కి (ఆర్డరుకి కాదు) "ఆర్‌టీఓ" అని ట్యాగు పెట్టండి. మొదటి వర్క్‌ఫ్లో రెండో కండిషన్‌లో "లేదా కస్టమర్‌కి ఆర్‌టీఓ ట్యాగు ఉంటే" అని కలపండి. మళ్లీ సీఓడీలో ఆర్డరు పెడితే, ధర ఎంతైనా హోల్డ్. వేరే నంబరు, వేరే మెయిల్‌తో వస్తే షాపిఫై కొత్త మనిషి అనుకుంటుంది, కాబట్టి అందరూ దొరకరు. "అసలు అలాంటి వాళ్లకి సీఓడీ కనపడకుండా చేయలేమా" అంటే, ఫ్లోతో కాదు. ఫ్లో పని ఆర్డరు వచ్చాకే మొదలవుతుంది. చెకౌట్ పేజీలో (కస్టమర్ ఆర్డరు ఖాయం చేసే పేజీ) ఏది కనపడాలి, ఏది కనపడకూడదు అన్నది దాని చేతిలో లేదు, దానికి వేరే యాప్ కావాలి. ఈ తేడా తెలియక రెండు రోజులు ఫ్లోలో వెతుక్కుని విసుగెత్తిన వాళ్లు చాలామందే ఉన్నారు.

స్టాకు సంగతికొస్తే, మీ దగ్గర రెండు రకాల సరుకుంది. గద్వాల, పోచంపల్లి పట్టు లాంటివి ఒక్కో డిజైన్‌కి ఒక్కటే చీర. మంగళగిరి కాటన్ లాంటివి ఒక్కో రంగుకి పది పదిహేను. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

ఒక్కటే ఉన్న చీర అమ్ముడుపోగానే సైటు నుంచి తీసేయడానికి ఫ్లోలో యాక్షన్ ఉంది. కానీ తీసేస్తే ఆ లింకు చచ్చిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్ చూసి నొక్కిన మనిషికి "పేజీ లేదు" అని వస్తుంది. అంతకంటే మంచి దారి ఫ్లో బయటే ఉంది. మీ కలెక్షన్లని (సైటులో చీరల్ని గుంపులుగా చూపించే పేజీలు) చేత్తో నింపేవి కాకుండా షరతులతో నిండేవిగా చేసి, "ఇన్వెంటరీ స్టాక్ 0 కంటే ఎక్కువ" అన్న షరతు చేర్చండి. చీర అమ్ముడైతే కలెక్షన్‌లోంచి తనే తప్పుకుంటుంది, దాని పేజీ మాత్రం సోల్డ్ అవుట్ అని ఉంటుంది. అదే పేజీలో కింద ఇలాంటి చీరలు ఇంకొన్ని చూపించుకోవచ్చు. ఆర్‌టీఓ అయి తిరిగొచ్చి స్టాకు 1 చేయగానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఒక్కటే చీర ఉన్న ప్రతి ప్రాడక్టులో "స్టాకు లేకపోయినా అమ్ము" అన్న టిక్ తీసేసి ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

పది పదిహేను ఉండే వాటికి మాత్రం ఫ్లో కావాలి: అయిదు కంటే తగ్గితే మెయిల్. ట్రిగ్గర్, వేరియంట్ (అంటే ఒక్కో రంగు) స్టాకు మారినప్పుడు. కండిషన్‌లో అందరూ "స్టాకు 5 కంటే తక్కువ" అని ఒక్కటే పెడతారు. ఇక చూడండి: 4 అయినప్పుడు మెయిల్, 3కి మెయిల్, 2కి మెయిల్. రిటర్న్ వచ్చి 2 నుంచి 3 అయినా స్టాకు మారినట్టే కాబట్టి అప్పుడూ మెయిల్. ముప్పై రంగులుంటే వారం తిరగకుండానే ఆ మెయిళ్లు తెరవడం మానేస్తారు, ఇక అది ఉన్నా లేనట్టే. రెండో కండిషన్ కలపండి: "అంతకు ముందున్న స్టాకు 5 లేదా అంతకంటే ఎక్కువ". అప్పుడు అయిదు గీత పైనుంచి కిందికి దాటిన ఆ ఒక్కసారే మెయిల్ వస్తుంది. అంతకు ముందు అంకెని ఆ ట్రిగ్గరే ఇస్తుంది, మీరు ఎక్కడా దాచుకోనక్కర్లేదు. మెయిల్‌లో ప్రాడక్టు పేరు, రంగు, ఇప్పుడున్న సంఖ్య వచ్చేలా పెట్టుకుంటే మగ్గం వాళ్లకి ఫోన్ చేసేటప్పుడు సైటు తెరవాల్సిన పని ఉండదు.

టైలర్ జాబితా దగ్గర లెక్కలో ఒక మెలిక ఉంది. ఆర్డరులో చీరలు రెండుంటే, ఫాల్, పీకో ఒకదానికే చెప్పి ఉండొచ్చు. కండిషన్ పెట్టేటప్పుడు లైన్ ఐటమ్స్‌లో (ఆర్డరులోని ఒక్కో వస్తువు వరస) "కనీసం ఒకటి" అన్నది ఎంచుకోవాలి. "అన్నీ" ఎంచుకుంటే ఆ ఆర్డరు జాబితాలో పడదు, ఫాల్ లేకుండానే వెళ్లిపోతుంది. కండిషన్ నిజమైతే "కుట్టు" అని ట్యాగు పెట్టించి, ఆర్డర్ల పేజీలో ఆ ట్యాగు ఉన్నవాటికి విడిగా ఒక వ్యూ సేవ్ చేసుకోండి. టైలర్‌కి మెయిల్ పంపితే చూడడు, నాకు తెలిసిన ఏ టైలరూ చూడడు. ఆ వ్యూని ప్రింటు తీసి చీరలతో పాటు పంపండి.

ఈ "కనీసం ఒకటి" ఇంకో చోట తిరగబడుతుంది. "ఖాయం అన్న ట్యాగు లేని ఆర్డర్లు" కావాలనుకుని చాలామంది "ట్యాగుల్లో కనీసం ఒకటి ఖాయం కాదు" అని పెడతారు. ఆ ఆర్డరుకి "ఖాయం", "కుట్టు" రెండూ ఉంటే, "కుట్టు" అన్నది "ఖాయం" కాదు కదా, కండిషన్ నిజమైపోతుంది. అసలు ఏ ట్యాగూ లేని ఆర్డరుకి అబద్ధమవుతుంది. రెండు వైపులా తప్పే. లేకపోవడాన్ని పట్టుకోవాలంటే "ఏదీ కాదు" అన్న రకం ఉంటుంది, "ట్యాగుల్లో ఏదీ ఖాయానికి సమానం కాదు" అని పెట్టండి. ఫ్లో సరిగ్గా పనిచేయట్లేదని నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

రాష్ట్రం విషయంలో మీ ఆడిటర్ కోసం ఒకటి చెబుతాను. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకం పన్ను) పడాలా, ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే పన్ను) పడాలా అన్నది పార్శిల్ వెళ్లే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాదులో ఉంటూ అలవాటుగా ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెలంగాణ పిన్‌కోడ్లు 50తో, ఆంధ్రవి 51, 52, 53తో మొదలవుతాయి. కాబట్టి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయి, పిన్ 50తో మొదలైతే "రాష్ట్రం చూడాలి" అని ట్యాగు పెట్టించండి. ట్యాగు మాత్రమే. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం వైపు పిన్‌కోడ్లు 507తోనే మొదలవుతాయి, వాళ్లు రాసిందే కరెక్టు. పన్ను లెక్క ఎప్పుడూ షాపిఫై ట్యాక్స్ సెట్టింగులే చేయాలి, దాన్ని ఫ్లోతో కదపొద్దు.

పొద్దున తొమ్మిదింటికి ఒక్క మెయిల్ వచ్చేలా పెట్టుకోవడం నాకు బాగా నచ్చే వాడకం. ట్రిగ్గర్ "షెడ్యూల్డ్ టైమ్", తర్వాత "గెట్ ఆర్డర్ డేటా"తో రెండు రోజులు దాటినా ఇంకా పంపని ఆర్డర్లు తెచ్చి, వాటి నంబర్లు మెయిల్‌లో వరసగా రాయించడం. ఒక్కసారికి వంద ఆర్డర్ల వరకే తెస్తుంది, మీకది చాలు. ఈ జాబితా రాయడానికి లిక్విడ్ అనే చిన్న కోడు రెండు మూడు లైన్లు కావాలి. షాపిఫైలోని సైడ్‌కిక్‌కి (దాని ఏఐ సహాయకుడు) ఇంగ్లిష్‌లో మామూలు మాటల్లో చెబితే వర్క్‌ఫ్లో మొత్తం డ్రాఫ్టు చేసిపెడుతుంది. అది పెట్టిన కండిషన్లు మాత్రం మీరే చదివి సరిచూసుకోవాలి, ముఖ్యంగా ఇందాక చెప్పిన "కనీసం ఒకటి" దగ్గర.

ఒకే ట్రిగ్గర్ మీద నాలుగు వర్క్‌ఫ్లోలు పెడితే నాలుగూ విడివిడిగా నడుస్తాయి, ఏది ముందు ఏది తర్వాత అన్న హామీ లేదు. ఒకటి పెట్టిన ట్యాగుని చూసి ఇంకోటి పనిచేయాలని ఆశపడొద్దు. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనులన్నీ ఒకే వర్క్‌ఫ్లోలో వరసగా పెట్టండి. కొత్తది ఏది మొదలుపెట్టినా మొదటి కొన్ని రోజులు ట్యాగు వరకే ఉంచండి, హోల్డ్, మెయిల్ లాంటివి కలపకండి. రోజూ సాయంత్రం ఆ ట్యాగు పడిన ఆర్డర్లు చూసి, "ఇది పడాల్సిందే, ఇది పడకూడదు" అని సరిచేసుకున్నాక అసలు యాక్షన్ చేర్చండి. శ్రావణం, దసరా రద్దీలో మాత్రం కొత్తవేవీ మొదలుపెట్టకండి. ఇప్పుడే పెట్టేసుకుంటే అప్పటికి టెన్షన్ ఉండదు.

ఇక వాట్సాప్. ఫ్లోలో ఉన్న "సెండ్ ఇంటర్నల్ ఈమెయిల్" మీకూ మీ స్టాఫ్‌కీ మాత్రమే. కస్టమర్‌కి దాంతో పంపకూడదు. కస్టమర్లకి వెళ్లే మెయిళ్లు షాపిఫై నోటిఫికేషన్లు, మార్కెటింగ్ ఆటోమేషన్ల నుంచి పోవాలి. వాట్సాప్ ఫ్లోలో లేదు. ఫ్లోతో కలిసే వాట్సాప్ యాప్ ఒకటి కొనుక్కుంటే, అది తన యాక్షన్‌ని మీ ఫ్లోలో చేరుస్తుంది. దానికి నెల ఖర్చుంటుంది, మెసేజ్‌లకి చార్జీ వేరే ఉంటుంది, మీరుగా మొదలుపెట్టి పంపే మెసేజ్‌ల టెంప్లేట్లు (ముందే రాసిపెట్టుకున్న నమూనాలు) వాట్సాప్ యజమాని అయిన మెటా ముందే ఆమోదించాలి. ఎస్సెమ్మెస్ అనుకుంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌ల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) మీ పేరు, హెడర్ (మెసేజ్ పైన కనిపించే పంపినవాళ్ల పేరు), టెంప్లేటు రిజిస్టరు చేసుకోవాలి. సీఓడీ కన్ఫర్మేషన్ వాట్సాప్‌లో బటన్ నొక్కించి తీసుకోవడం బాగానే ఉంటుంది గానీ, నా మాట వింటే ముందు పైన చెప్పిన హోల్డ్ వర్క్‌ఫ్లో నడిపించండి. ఫోన్ చేయాల్సినవి రోజుకి ఎన్ని తేలతాయో చూడండి. అయిదారే అయితే మీ వదినగారి ఫోనే ఏ యాప్ కంటే మేలు, మాటల్లో ఇంకో చీర కూడా అమ్ముతారు. ఇరవై దాటుతుంటే యాప్ కొనండి.

మీరు వాడే కొరియర్ యాప్ ఏదో, సీఓడీ షాపిఫైదేనా లేక వేరే ఫారం యాప్‌దా అన్నది చెబితే, మొదటి వర్క్‌ఫ్లో కండిషన్లు ఏ పేర్లతో పెట్టాలో వరసగా రాసిస్తాను.